హెచ్‌బీసీయూలో హ్యుమానిటీస్ చెప్పేవారికి ఏ ఫెలోషిప్ సరిపోతుంది?

ఆగస్టు చివరికి వచ్చేసరికి నాకు ప్రతి ఏడూ రెండు మూడు ఫోన్లు వస్తాయి. "అక్కా, 60 వేల డాలర్లది ఒకటుంది, 50 వేలది ఒకటుంది, 10 వేలది ఒకటుంది. దేనికి అప్లై చేయమంటావ్?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: "ఈ సెమిస్టర్ నీకు ఎన్ని క్లాసులు వేశారు?" నాలుగు అంటే ఒక సలహా చెబుతాను, రెండు అంటే ఇంకో సలహా. అవతలివాళ్లకు మొదట అర్థం కాదు. ఫెలోషిప్ గురించి అడిగితే క్లాసుల గురించి అడుగుతుందేమిటి అనుకుంటారు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న ఎందుకు అడుగుతానో చెప్పడానికే.

నేను అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక చిన్న హెచ్‌బీసీయూలో చరిత్ర చెబుతాను. ఈ పేరు కొత్తగా వినేవారికి, హెచ్‌బీసీయూ అంటే హిస్టారికల్లీ బ్లాక్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్: నల్లజాతివారిని తెల్లవాళ్ల కాలేజీలు చేర్చుకోని కాలంలో వాళ్ల చదువు కోసం పుట్టిన కాలేజీలు ఇవి. 1964కి ముందు ఆ లక్ష్యంతో ఏర్పడిన వాటిని 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ఈ పేరుతో గుర్తించింది. ఇప్పుడు దాదాపు 100 ఉన్నాయి. పెన్సిల్వేనియాలోని చెయినీ 1837లో మొదలైంది. ఫిస్క్ 1866లో, హోవర్డ్, మోర్‌హౌస్ 1867లో, స్పెల్‌మన్ 1881లో వచ్చాయి. వీటిలో ఎక్కువభాగం బోధన మీద నడిచే కాలేజీలు. కార్నెగీ వర్గీకరణలో పరిశోధనకు అన్నిటికంటే పై మెట్టయిన ఆర్1లో 2025లో చేరిన హెచ్‌బీసీయూ హోవర్డ్ ఒక్కటే. మిగతా చాలాచోట్ల సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు, వాటికి తోడు అడ్వైజింగ్, కమిటీలు, అక్రెడిటేషన్ రిపోర్టులు. ఇక్కడి లెక్చరర్‌కి తెలివికీ విషయానికీ కొదవ లేదు. వరసగా మూడు గంటలు కూర్చుని రాసుకునే తీరికే ఉండదు.

అందుకే ఫెలోషిప్‌లను డబ్బుతో పోల్చవద్దంటాను. అది మీకు ఎలాంటి టైం కొనిపెడుతుందో దాన్నిబట్టి పోల్చండి.

ఒక పాత ఉదాహరణ చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే నాకు ఈ విషయంలో దారి చూపింది ఆయనే. లొరెంజో డౌ టర్నర్ ఫిస్క్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్. 1929 వేసవిలో సౌత్ కరొలైనాలోని ఆరంజ్‌బర్గ్‌లో ఇంకో నల్లజాతి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడు, సముద్రతీర ద్వీపాల నుంచి వచ్చిన విద్యార్థులు మాట్లాడుకునే గల్లా భాష ఆయన చెవిన పడింది. అప్పటి పండితులు దాన్ని చెడిపోయిన ఇంగ్లీషు అని కొట్టిపారేసేవారు. అందులో ఆఫ్రికా భాషల మూలాలు ఉన్నాయని టర్నర్‌కి అనుమానం వచ్చింది. అమెరికన్ కౌన్సిల్ ఆఫ్ లర్నెడ్ సొసైటీస్, అంటే ఏసీఎల్ఎస్, ఇచ్చిన డబ్బుతో 1932లో రికార్డింగ్ యంత్రం మోసుకుంటూ ఆ ద్వీపాలకు వెళ్లాడు. తర్వాత లండన్ వెళ్లి ఆఫ్రికా భాషలు చదువుకున్నాడు. రోజెన్‌వాల్డ్ ఫండ్ సాయంతో బ్రెజిల్ వెళ్లాడు. పుస్తకం 1949లో వచ్చింది, అంటే మొదటిసారి విన్న 20 ఏళ్లకు. వేల ఆఫ్రికా పదాలనూ పేర్లనూ అందులో పట్టిక వేసి చూపించాక గల్లాను చెడిపోయిన ఇంగ్లీషు అనడం ఎవరికీ కుదరలేదు.

ఒక్క ఫెలోషిప్‌తో ఆ పుస్తకం రాలేదని గమనించండి. రికార్డింగ్‌కి ఒకటి, చదువుకి ఒకటి, ప్రయాణానికి ఒకటి. ఏ దశకు ఏది కావాలో టర్నర్‌కి తెలుసు. మనకు కావలసిన పద్ధతీ అదే.

ఏసీఎల్ఎస్: 50 వేలా, 10 వేలా

టర్నర్‌కి సాయపడిన ఆ సంస్థే (1919లో పుట్టింది) ఇప్పుడు హెచ్‌బీసీయూ ఫ్యాకల్టీ కోసం ప్రత్యేకంగా ఒక పథకం నడుపుతోంది. అందులో రెండు రకాలు. ఫెలోషిప్ అయితే 50,000 డాలర్ల వరకు. గ్రాంట్ అయితే 10,000 డాలర్ల వరకు. ఫెలోషిప్ పెద్ద ప్రాజెక్టు మీద ఎక్కువకాలం పనిచేసేవారికి. గ్రాంట్ ఇంకా మొదటి దశలో ఉన్న పనికో, చిన్న ప్రాజెక్టుకో, పెద్ద ప్రాజెక్టులో ఒక భాగానికో. అవార్డు వచ్చినవారి కాలేజీకి కూడా విడిగా కొంత డబ్బు ఇస్తారు. మొత్తం చూస్తే చిన్నదే అయినా, డీన్ గదిలో మీ మాటకు బలం ఇచ్చేది ఆ కొంతే.

ఈ పథకంలో నాకు బాగా నచ్చింది, హెచ్‌బీసీయూల్లో పనిచేసేవాళ్లను అడిగి తెలుసుకుని దీన్ని రూపొందించారు. నాలుగు క్లాసులు చెప్పే మనిషి ఏడాదిపాటు ఊరు విడిచి వెళ్లలేరని తెలిసినవాళ్లు వేసిన ప్లాన్ అని చదవగానే తెలుస్తుంది.

చాలామంది 50 వేలది చూసి 10 వేలదాన్ని వదిలేస్తారు. నా సలహా దానికి పూర్తిగా వేరు. మీరింకా ఆర్కైవ్‌లోకి (పాత కాగితాలు పెట్టెల్లో భద్రపరిచే చోటికి) అడుగుపెట్టలేదు, అధ్యాయాల జాబితా కాగితం మీదే ఉంది, పీహెచ్‌డీ అయి ఐదారేళ్లయినా ఏమీ ప్రచురించలేదు అంటే 10 వేలదానికే వేయండి. ఎందుకంటే పెద్ద ఫెలోషిప్ ప్రపోజల్ చదివేవాళ్లు వెతికేది మీరు ఇప్పటిదాకా ఏం చూశారో, ఏం దొరికిందో. ఆర్కైవ్ చూడకుండా రాసిన ప్రపోజల్‌లో అన్నీ ఆశలే ఉంటాయి. పది పెట్టెలు తిరగేసి రాసినదానిలో ఒక ఉత్తరం ఉంటుంది, ఒక రిజిస్టర్ ఉంటుంది, ఒక మనిషి పేరు ఉంటుంది. 10 వేలు ఆ పది పెట్టెల దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్తాయి. మరుసటి ఏడాది పెద్దదానికి వేయడానికి కావలసిన సరుకంతా అక్కడే దొరుకుతుంది.

అదే, సగం పుస్తకం రాసి కూర్చున్నవాళ్లకు, మిగతా సగానికి ఒక సెమిస్టర్ చాలు అనుకునేవాళ్లకు, 10 వేలతో పని జరగదు. వాళ్లు నేరుగా 50 వేలదానికి వేయాలి. ఏసీఎల్ఎస్ అందరికీ కలిపి ఇచ్చే మామూలు ఫెలోషిప్ కూడా ఒకటుంది, 60,000 డాలర్ల వరకు, 6 నుంచి 12 నెలలకు. పోటీ దేశమంతటా. దానికి వేయవద్దని చెప్పను. హెచ్‌బీసీయూలో ఉన్నాం కదా మనకెక్కడ వస్తుందిలే అనే మాట ఎవరన్నా నాకు కోపం వస్తుంది. అయితే ఒకే ఏడాది రెండూ రాసే ఓపిక లేకపోతే హెచ్‌బీసీయూల కోసం ఉన్నదే ముందు రాయండి.

ఎన్ఈహెచ్

నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ 1965లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. హెచ్‌బీసీయూ ఫ్యాకల్టీకి విడిగా అవార్డులు ఇవ్వడం అక్కడ చాలాకాలం నడిచింది. నెలకు 5,000 డాలర్ల చొప్పున 2 నెలల నుంచి 12 నెలల దాకా, అంటే ఎక్కువలో ఎక్కువ 60,000. ఎంత కాలానికి కావాలో మనమే అడిగేవాళ్లం. ఫుల్‌టైమ్‌గానే చేయాలని లేకుండా, సగం పనివేళలతో ఎక్కువ నెలలకు సాగదీసుకునే వీలు కూడా ఇస్తూ వచ్చింది. పీహెచ్‌డీ తప్పనిసరి అనే షరతు పెట్టలేదు. పుస్తకమే రాయాలని కూడా ఉండేది కాదు. మీ కాలేజీకో, చుట్టుపక్కల సమాజానికో పనికొచ్చే పరిశోధన, అనువాదం, ఇప్పటికే చెబుతున్న కోర్సును కొత్తగా తీర్చిదిద్దడానికి చేసే అధ్యయనం కూడా చెల్లేవి.

ఈ చివరి మాట చాలామంది చదవకుండా దాటేస్తారు. ఆగి చదవండి. మన రీసెర్చికీ క్లాసుకీ మధ్య గోడ లేదని ఒప్పుకునే ఫెలోషిప్‌లు తక్కువ. నల్లజాతి చర్చిల చరిత్ర మీద కోర్సు చెబుతూ, ఆ ఊరి చర్చి రికార్డులు చదవాలనుకునే మనిషికి ఇంతకంటే బాగా అమరేది నేను చూడలేదు. పరిశోధన పేరుతో విద్యార్థులను వదిలి వెళ్తున్నామన్న బాధ కూడా ఉండదు.

కానీ ఎన్ఈహెచ్ విషయంలో ఇప్పుడు ఒక పెద్ద హెచ్చరిక చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ అప్పటికే మంజూరు చేసిన 1,000కి పైగా గ్రాంట్లను మధ్యలో రద్దు చేసింది. సగం పనిలో ఉన్నవాళ్లకు ఉత్తరాలు వచ్చాయి. ఏసీఎల్ఎస్, అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్, మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ కలిసి దాని మీద కోర్టుకు వెళ్లాయి. కాబట్టి నేను పైన చెప్పిన మొత్తాలు, షరతులు ఇన్నాళ్లూ నడిచిన పద్ధతి అని గుర్తుపెట్టుకుని, మొదట చేయాల్సిన పని ఆ ఏటి నోటిఫికేషన్ వచ్చిందా అని చూడటం. వస్తే తప్పకుండా వేయండి. కానీ ఏడాది మొత్తాన్ని దాని మీద ఆధారపెట్టకండి. జీతం లేని సెలవు పెట్టేసి, ఇల్లు మారేసి, పిల్లల స్కూలు మార్చేసి ఎదురుచూడటం ఇప్పుడున్న పరిస్థితిలో మంచిది కాదు. ప్రభుత్వ సంస్థ ఒకటి, ప్రైవేటు సంస్థ ఒకటి, రెండింటికీ ఒకే ప్రపోజల్‌ను రెండు రకాలుగా రాసి పంపడం నేను ఈ మధ్య అందరికీ చెబుతున్న పద్ధతి.

ఊరు విడిచి వెళ్లి చేసేవి

రెసిడెన్సీలంటే ఒక కేంద్రానికి వెళ్లి అక్కడే ఉండి పనిచేయడం. నార్త్ కరొలైనాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లోని నేషనల్ హ్యుమానిటీస్ సెంటర్ 1978 నుంచి ఉంది. ఏడాదికి 40 మంది దాకా ఫెలోలు. మీకు కావలసిన పుస్తకాలు అక్కడి లైబ్రేరియన్లు చుట్టుపక్కల యూనివర్సిటీల నుంచి తెప్పించి ఇస్తారు. మా కాలేజీలో ఇంటర్ లైబ్రరీ లోన్ కోసం వారాల తరబడి ఎదురుచూసే నాకు ఈ ఒక్క మాట చాలు మనసు లాగడానికి.

న్యూయార్క్ హార్లెమ్‌లోని షోంబర్గ్ సెంటర్ ఇంకోటి. ఆర్టురో షోంబర్గ్ అనే పోర్టోరికో మనిషి సేకరించిన పుస్తకాలు, రాతప్రతులు, చిత్రాలు 1926లో 10,000 డాలర్లకు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ చేతికి వచ్చాయి. దాని చుట్టూ పెరిగిన సంస్థ ఇది. షోంబర్గ్ కొంతకాలం ఫిస్క్ లైబ్రరీలో కూడా పనిచేశాడు. నల్లజాతి చరిత్ర, సాహిత్యం మీద పనిచేసేవారికి అక్కడ ఆరు నెలలు గడపడం వేరే ఎక్కడా రాని అవకాశం. హార్వర్డ్‌లో హచిన్స్ సెంటర్ కింద నడిచే డుబాయిస్ ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్‌లు కూడా ఈ కోవలోవే.

వీటిని ఎంచుకునేముందు రెండే చూడండి. మీకు కావలసిన కాగితాలు ఆ ఊళ్లో ఉన్నాయా? మీ ఇల్లు అన్ని నెలలు మీరు లేకుండా నడుస్తుందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అంటే, ఒకటి రెండు నెలల చిన్న రెసిడెన్సీ వెతకండి. మొదటిదానికే కాదు అంటే ఆ కేంద్రం ఎంత గొప్పదైనా వద్దు. న్యూయార్క్ అద్దెకు స్టైపెండ్ అంతా పోయి, కావలసిన కాగితాలేమో అలబామాలో ఉండిపోతాయి.

ఆర్కైవ్ దగ్గర ఉండటం అనే మాట నల్లజాతి పరిశోధకులకు ఎంత బరువైనదో చెప్పే సంగతి ఒకటుంది. చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ 1939లో తన థీసిస్ పనిమీద రాలీ నగరంలోని రాష్ట్ర ఆర్కైవ్‌కు వెళ్లాడు. ఆ భవనం కట్టేటప్పుడు నల్లవాడు వచ్చి చదువుకుంటాడని ఎవరూ అనుకోలేదు. ఆయనకు విడిగా ఒక గది సర్దారు. తెల్ల ఉద్యోగులు ఆయనకు పెట్టెలు తెచ్చి ఇవ్వకుండా, ఆ పెట్టెలు దాచే గది తాళంచెవి ఆయన చేతికే ఇచ్చారు. కొద్దిరోజులకు తెల్ల పరిశోధకులు తమకూ తాళంచెవి కావాలని ఫిర్యాదు చేశారు. దాంతో ఆయన దగ్గరున్నదీ వెనక్కి తీసుకున్నారు. ఫ్రాంక్లిన్ తర్వాత హెచ్‌బీసీయూల్లో పాఠాలు చెబుతూనే పెద్ద చరిత్రకారుడయ్యాడు. పైన చెప్పిన నేషనల్ హ్యుమానిటీస్ సెంటర్ ఆ ఆర్కైవ్‌కు కారులో అరగంట దూరం. అక్కడికి వెళ్లే అవకాశం వస్తే ఆ తాళంచెవిని గుర్తుచేసుకుంటూ వెళ్లండి.

ఇంకో మాట. చాలాసార్లు ఆర్కైవ్ మన కాలేజీలోనే ఉంటుంది. హోవర్డ్‌లో మూర్‌లాండ్ స్పింగార్న్ కేంద్రం ఉంది. అట్లాంటాలో మోర్‌హౌస్, స్పెల్‌మన్, క్లార్క్ అట్లాంటా కలిసి వాడుకునే వుడ్రఫ్ లైబ్రరీలో మార్టిన్ లూథర్ కింగ్ కాగితాలున్నాయి. నల్లజాతి రచయితలకు, పరిశోధకులకు 1928 నుంచి 1948 దాకా ఫెలోషిప్‌లు ఇచ్చిన రోజెన్‌వాల్డ్ ఫండ్ రికార్డులు ఫిస్క్‌లో ఉన్నాయి. చిన్న కాలేజీల్లో కూడా వ్యవస్థాపకుల ఉత్తరాలు, పాత విద్యార్థి పత్రికలు, మిషనరీ లెక్కల పుస్తకాలు ఉంటాయి. వాటిని ఇంకా ఎవరూ కేటలాగ్ చేసి ఉండరు. మీ క్యాంపస్‌లో ఉన్నదాని మీద ప్రాజెక్టు పెట్టుకుంటే రెసిడెన్సీ అక్కర్లేదు. క్లాసు తగ్గించుకునే డబ్బు చాలు.

ఇండియా వైపు చూసేవారికి

మన తెలుగువాళ్లలో ఈ కాలేజీల్లో పనిచేస్తూ ఇండియా మీద పరిశోధన చేసేవారికి రెండు దారులు ముఖ్యం. ఒకటి ఫుల్‌బ్రైట్ నెహ్రూ ఫెలోషిప్. దీన్ని నడిపే యూఎస్‌ఐఈఎఫ్ (యునైటెడ్ స్టేట్స్ ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్) 1950 నుంచి ఉంది, హైదరాబాద్‌లో కూడా ఆఫీసు ఉంది. అయితే అమెరికా నుంచి ఇండియాకు వెళ్లే ఫ్యాకల్టీకి అమెరికా పౌరసత్వం ఉండాలి. రెండోది అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్. ఇక్కడ పౌరసత్వం లేకపోయినా అమెరికా కాలేజీలో ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీ అయితే వేయవచ్చు. గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్లతరబడి నిలబడ్డవారికి ఇది పెద్ద ఊరట.

హెచ్‌బీసీయూలో ఉంటూ ఇండియా మీద పనిచేయడం అతకదు అనుకునేవాళ్లకు కొన్ని సంగతులు గుర్తుచేస్తాను. హోవర్డ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన హోవర్డ్ థర్మన్ 1936లో బార్డోలీలో గాంధీని కలిశాడు. అదే యూనివర్సిటీకి చెందిన విలియం స్టువర్ట్ నెల్సన్ నౌఖాలీలో గాంధీతో కలిసి నడిచాడు. అట్లాంటాలో ఏళ్లతరబడి బోధించిన నల్లజాతి పండితుడు డుబాయిస్‌కు 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాశారు. అందులో నల్లజాతివారి పరిస్థితికీ అంటరానివారి పరిస్థితికీ ఉన్న పోలిక ప్రస్తావించారు. ఆ ఉత్తరం ఇప్పుడు మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌లోని డుబాయిస్ కాగితాల్లో ఉంది. కులం గురించి, రంగు గురించి ఒకేచోట చదివి రాయగలిగే మనిషి మీరే అయినప్పుడు ఆ ప్రాజెక్టును మీ కాలేజీ సొంతం చేసుకుంటుంది.

డీన్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన లెక్క

ఇప్పుడు నా సొంత అనుభవం. మొదటిసారి నాకు ఒక ఫెలోషిప్ వచ్చినప్పుడు నేను అప్పట్లో పనిచేసిన కాలేజీలో ఎవరికీ ముందుగా చెప్పలేదు. వస్తే అప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను. అవార్డు లెటర్ పట్టుకుని వెళ్తే, నా క్లాసులు చెప్పడానికి వేరే మనిషి లేరని, రెండు కోర్సులైనా నేనే చెప్పాలని అన్నారు. ఒప్పుకున్నాను. ఆ ఏడాది రెండు క్లాసులు, ఒక కమిటీ, రాత్రుళ్లు పుస్తకం. ఒక్క అధ్యాయం కూడా పూర్తవలేదు. ఆ టెన్షన్‌లో వచ్చిన డబ్బు ఏమైందో కూడా సరిగా గుర్తులేదు. తప్పు వాళ్లదెంతో నాదీ అంతే. మీకు అలా జరగకూడదని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అప్లై చేసేముందే కాగితం మీద లెక్క వేయండి. ఉదాహరణకు మీ జీతం 9 నెలలకు 66,000 డాలర్లు అనుకుందాం. ఏడాదికి 8 కోర్సులు. ఒక్కో కోర్సుకు అడ్జంక్ట్‌కి (కోర్సు లెక్కన పెట్టుకునే తాత్కాలిక లెక్చరర్‌కి) 5,000 ఇస్తారనుకుందాం, మొత్తం 40,000. ఫెలోషిప్ 60,000.

మొదటి దారి: మీరు జీతం లేని సెలవు పెట్టి ఫెలోషిప్ డబ్బు నేరుగా తీసుకుంటారు. 66,000 పోయింది, 60,000 వచ్చింది. పైగా హెల్త్ ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ వాటా ఎవరు కడతారో తేలలేదు. ఇంట్లో పిల్లలుంటే ఈ దారి చాలా ప్రమాదం.

రెండో దారి: కొన్ని సంస్థలు డబ్బు కాలేజీ ద్వారా ఇవ్వడానికి ఒప్పుకుంటాయి. ఫెలోషిప్ 60,000 కాలేజీకి వెళ్తుంది. కాలేజీ మీకు మామూలుగా 66,000 జీతం, ఇన్సూరెన్స్ ఇస్తూనే ఉంటుంది. అడ్జంక్ట్‌లకు 40,000 ఖర్చు పెడుతుంది. కాలేజీ చేతి నుంచి పడేది 66,000 ప్లస్ 40,000 మైనస్ 60,000, అంటే 46,000. మీరు ఫెలోషిప్ లేకుండా ఉంటే పెట్టే 66,000 కన్నా 20,000 తక్కువ. ఈ ఒక్క వాక్యం డీన్‌కి చూపించండి. 50,000 ఫెలోషిప్ అయినా కాలేజీకి 10,000 మిగులుతుంది. ఇక 10,000 గ్రాంట్‌తో సరిగ్గా రెండు కోర్సులు తగ్గించుకోవచ్చు. అంటే నాలుగు కోర్సుల సెమిస్టర్ రెండు కోర్సులదవుతుంది.

ఒప్పందం నోటిమాటగా వదలకండి. ఫెలోషిప్ వస్తే ఎన్ని కోర్సులు తగ్గిస్తారు, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, టెన్యూర్ (ఉద్యోగం పర్మనెంట్ అవడం) లెక్కలో ఆ ఏడాది కలుస్తుందా లేదా అన్నది డిపార్ట్‌మెంట్ చైర్ నుంచీ డీన్ నుంచీ ఈమెయిల్‌లో తీసుకోండి. టెన్యూర్ గడియారం సంగతి ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్లు మరచిపోతారు.

డబ్బు నేరుగా మీ చేతికే వచ్చేటట్లయితే పన్ను కూడా చూసుకోవాలి. ఫెలోషిప్ స్టైపెండ్‌కి పన్ను పడుతుంది. జీతంలో కోసినట్టు ముందే కోయరు. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల 15 లోపు అంచనా పన్ను మీరే కట్టాలి. వచ్చిన రోజే నాలుగో వంతు వేరే ఖాతాలో పెట్టేస్తే నిద్ర పడుతుంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో మెట్టు దాటాలి. హెచ్1బీలో మీరు కాలేజీకి మాత్రమే పనిచేయాలి. బయటి సంస్థ నుంచి నేరుగా డబ్బు తీసుకోవడం, జీతం ఆపి సెలవు పెట్టడం రెండూ అప్లికేషన్‌కి ముందే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసును, కుదిరితే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయాలు. ఎన్ఈహెచ్ చాలాకాలం పాటు, పౌరులు కానివారైనా అప్లికేషన్ గడువుకు ముందు మూడేళ్లు అమెరికాలో ఉన్నట్లయితే ఒప్పుకుంది. ఇలాంటి షరతులు ఏటేటా చదవాలి. పోయినేడు ఎవరికో వచ్చిందని మీకూ చెల్లుతుందని అనుకోకండి.

నేనైతే ఎవరికి ఏది చెబుతాను

కొత్తగా చేరి, సెమిస్టర్‌కి నాలుగు క్లాసులు చెబుతూ, చిన్న పిల్లలున్నవాళ్లకు: ఏసీఎల్ఎస్ 10,000 గ్రాంట్. ఇంకేమీ వద్దు. ఒక్కటి బాగా రాయండి.

పుస్తకం సగమైనవాళ్లకు: ఏసీఎల్ఎస్ 50,000 ఫెలోషిప్. దానితోపాటే ఆ ఏడాది ఎన్ఈహెచ్ తలుపు తెరిచి ఉంటే అదీ.

టెన్యూర్ వచ్చి, పిల్లలు పెద్దవాళ్లయి, సబాటికల్ (పరిశోధన కోసం కాలేజీ ఇచ్చే సెలవు) కూడా చేతిలో ఉన్నవాళ్లకు: సందేహం లేకుండా రెసిడెన్సీ. ఇన్నేళ్లు అందరి గదులూ మీరు సర్దారు. ఒక ఏడాది మీ బల్ల మీద మీ పుస్తకమే ఉండనివ్వండి.

యూఎన్‌సీఎఫ్ (యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్) వంటి వాటి గురించి కూడా చాలామంది అడుగుతారు. 1944లో ఏర్పడిన ఆ సంస్థలో 37 ప్రైవేటు హెచ్‌బీసీయూలు సభ్యులు. మీది ప్రభుత్వ హెచ్‌బీసీయూ అయితే అక్కడి ఫ్యాకల్టీ కార్యక్రమాల్లో కొన్ని మీకు వర్తించవు. ముందుగా మీ కాలేజీకి సభ్యత్వం ఉందో లేదో చూసుకుంటే వారం రోజుల పని మిగులుతుంది.

వేసవి మాత్రమే ఖాళీగా ఉండేవారికి, రెండు నెలల చిన్న స్టైపెండ్‌లు వెతకమంటాను. కానీ నిజం చెప్పాలంటే వేసవి క్లాసుల మీద ఇల్లు నడిచేవాళ్లకు ఆ డబ్బు సరిపోదు. అలాంటివాళ్లు సెమిస్టర్‌లో రెండు కోర్సులు తగ్గించుకునే దారి చూడటమే నయం.

ఇక ప్రపోజల్ గురించి ఒక్క మాట. మొదటి పేరాలో అమెరికాలో జాతి సమస్య ఎంత లోతైనదో రాయకండి. చదివేవాళ్లకు అది తెలుసు. ఏ లైబ్రరీలో, ఏ పెట్టెలో, ఏ ఏడాది కాగితాల్లో మీకు ఏం కనిపించిందో రాయండి. దానివల్ల ఇప్పటిదాకా మనం నమ్మినదానిలో ఏది మారుతుందో ఆ తర్వాత చెప్పండి. రిఫరెన్స్ లెటర్లు జూన్‌లోనే అడగండి. మీ కాలేజీ బయటి మనిషి ఒకరైనా ఉండాలి. కాన్ఫరెన్స్‌లో మీ పేపర్ విని ప్రశ్న అడిగిన ఆ ప్రొఫెసర్‌కి ఒక మెయిల్ రాయడానికి మొహమాటపడకండి.

ఈ ఏడాది నాకు మొదట ఫోన్ చేసిన అమ్మాయి ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో మూడో ఏడాది లెక్చరర్. నాలుగు క్లాసులు, రెండేళ్ల బాబు. 60 వేలదానికి వేద్దామనుకుంది. గంట మాట్లాడాక 10 వేలదానికి ఒప్పుకుంది. వాళ్ల కాలేజీ లైబ్రరీ కింది అంతస్తులో 1920ల నాటి విద్యార్థి పత్రికలు కట్టలు కట్టి ఉన్నాయట, ఎవరూ విప్పలేదట. పోయిన శుక్రవారం బాబును అత్తగారి దగ్గర వదిలి, మధ్యాహ్నం మూడు గంటలు అక్కడ కూర్చుని 14 పెట్టెల నంబర్లు, వాటిలో ఏముందో రాసుకుని నాకు పంపింది. ఆ నంబర్లే ఇప్పుడు ఆమె ప్రపోజల్ మొదటి పేరా.